లిఫ్టు దగ్గర ఆగిన నవల

నాలుగింటికి ఫోన్ చేసి "నా వల్ల కాదండీ, ఈ నవల సంగతి మరిచిపోండి" అని చెప్పేయాలని ఆమె మూడు కాకముందే తేల్చేసుకుంది. ప్రచురణకర్త నాలుగు దాటాకే తీరిగ్గా దొరుకుతుంది. అంతవరకూ బోర్లా పడుకోవడం తప్ప చేయడానికి ఏమీ లేదు. తేల్చుకున్నాక మనసు తేలికపడాలి కదా, పడలేదు; తడిసిన దుప్పటి కప్పుకున్నట్టు ఇంకా బరువెక్కింది. మంచం అంచున చుట్టిపెట్టిన తువ్వాలుకు నుదురు ఆనించి, ముఖం కిందికి వేలాడేసి, కట్టు లేని ఎడమ కంటితో నేల మీది ఒకే ఒక్క పలకను చూస్తూ ఉంది. కుడికంట్లో రెటీనా ఊడింది. గోడకు అతికించిన కాగితం ఓ మూల లేచినట్టు లేచిందని చెప్పి, డాక్టరమ్మ ఆపరేషన్ చేసి కంట్లోకి ఓ గాలిబుడగ ఎక్కించింది. ఆ బుడగ పైకి తేలుతూ లేచిన తెరను వెనక్కి అదిమిపెట్టాలంటే మనిషి తల దించుకునే ఉండాలట, తింటున్నా, నడుస్తున్నా, నిద్రపోతున్నా. "వారం పాటు తల ఎత్తకూడదమ్మా" అంది. బుద్ధెరిగాక ఎవరి ముందూ తల దించుకోనిదానికి భలే శిక్ష పడిందే అనుకుని ఆమె ఆ రోజు నవ్వింది. నవ్వు ఆ రోజుతోనే అయిపోయింది. చదవకూడదు, రాయకూడదు, ఒక కన్ను కదిలితే రెండోది కూడా దాని వెనకే కదులుతుందట. ఈ వారమే ప్రచురణకర్త చివరి అధ్యాయం అడిగింది. ఇస్తే ఈ ఏటి పుస్తకాల్లో వేస్తాం, లేదంటే వచ్చే ఏటికి చూద్దాం అంది. వచ్చే ఏడు అంటే ఏమిటో ఆమెకు తెలుసు, ఇంతకుముందు కూడా రెండుసార్లు విన్న మాటే, మర్యాద తెలిసినవాళ్ళు తలుపు మూసే పద్ధతి అది.

ఇప్పుడు లోకమంతా పాదాలే. గదిలోకి ఎవరు వచ్చినా ముందు పాదాలొస్తాయి, ఆ తర్వాత పైనుంచి ఎక్కడినుంచో గొంతు వస్తుంది. భర్త ఇళ్ళకు రంగులు వేస్తాడు, ఎంత తోముకున్నా అతని వేళ్ళ సందుల్లో చుక్కలు మిగిలిపోతాయి, ఇవాళ పొద్దున అవి నీలంగా ఉన్నాయి, ఎవరో నీలం గదిలో పడుకోబోతున్నారన్నమాట. ఆ నీలం పాదాలు మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాయి. మెడ వెనక చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు, పట్టేసిన నరం ఒకటి అతని బొటనవేలి కింద సడలింది. "ఫోన్ చేసి చెప్పెయ్యరాదూ, కన్ను కంటే పుస్తకం ఎక్కువా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అందుకే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. కోపంగా అని ఉంటే ఎంత బాగుండేది, అప్పటికప్పుడు అతని మీద పంతం పట్టి అధ్యాయం మొత్తం బుర్రలోనే రాసి పారేసేది. కన్ను కంటే ఎక్కువ కాదు. నిజమే. కానీ ఈ కన్ను ఉన్నది బేకరీలో కేకుల మీద పేర్లు రాయడానికేనా, రెండు పూటలా కూరగాయలు ఏరడానికేనా, ఇంకేమీ లేదా అని అడగాలనిపించింది. అడిగేలోపే నీలం పాదాలు గడప దాటాయి.

నవల లిఫ్టు దగ్గర ఆగింది. అక్కడే ఆగి ఎన్నాళ్ళో అయింది. అన్న ఒక భవనంలో లిఫ్టు మెకానిక్కు, తమ్ముడు అదే భవనంలో ఏడో అంతస్తులో ఉంటాడు, ఇద్దరికీ మాటల్లేవు. తల్లి పోయినప్పుడు అన్న కబురు ఆలస్యంగా పంపాడు, తమ్ముడు వచ్చేసరికి అంతా అయిపోయింది, అప్పట్నుంచీ తమ్ముడు అన్న చెయ్యిపడిన లిఫ్టు ఎక్కడు, ఏడంతస్తులూ మెట్లే. సంచులు మోసుకుంటూ మెట్లే, జ్వరమొచ్చినా మెట్లే. చివరికి మోకాళ్ళు అరిగిపోయి, ఒక రోజు ఎవరూ చూడకుండా లిఫ్టు ఎక్కుతాడు, అది సరిగ్గా రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. అన్న వచ్చి తలుపు సందులో ఇనుప కడ్డీ పెట్టి తెరుస్తాడు. తెరిచాక ఏమంటాడు? అదీ ఆమెను చంపుతున్న ప్రశ్న. ఇన్నేళ్ళ తర్వాత అన్న నోటి నుంచి వచ్చే మొదటి మాట. 'నన్ను క్షమించరా' అని రాసింది, సినిమాలా ఉందని తనే కొట్టేసింది. 'ఎలా ఉన్నావు' అని రాసింది, బస్టాపులో పాత స్నేహితులు కలిసినట్టుంది. ఏడిపించి చూసింది, కాగితం తడిసింది కానీ కథ తడవలేదు. చివరికి ఏ మాటా లేకుండా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారని రాసి పంపేసింది. ప్రచురణకర్త చదివి ఒక్కటే అంది: "మీరు తలుపు తెరిచి పారిపోయారండీ." ఆ మాట నిజం కాబట్టి చెంప దెబ్బలా తగిలింది, దెబ్బ తగిలిన చోటు ఇన్నాళ్ళకీ చల్లారలేదు.

ఆ తమ్ముడిలాంటి ముసలాయన్ని నిజంగానే చూసింది కదా, అదీ తమాషా. తను పనిచేసే బేకరీలో ఎవరూ లేక ఓ అపార్టుమెంటుకు కేకు తనే ఇచ్చి రావలసి వచ్చింది, చేతిలో డబ్బా, డబ్బాలో ఎవరి పిల్లదో పుట్టినరోజు. పక్కన లిఫ్టు తలుపు తెరుచుకుని ఖాళీగా ఎదురుచూస్తుంటే ఒకాయన ఆయాసపడుతూ మెట్లెక్కుతున్నాడు. "లిఫ్టు బాగానే ఉంది కదండీ" అందామె. ఆయన రెయిలింగు పట్టుకుని ఆగి, "లిఫ్టు బాగానే ఉందమ్మా, దాన్ని బాగుచేసేవాడితోనే నాకు పడదు" అన్నాడు. అని మళ్ళీ ఎక్కాడు. అంతే. ఆ ఒక్క మాట ఆమె వెంట ఇంటికొచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, చీపురు పట్టుకుంటే చీపురు పట్టుకుంది. అప్పటికి ఆమె రాయడం మానేసి ఏడాది. మొదటి నవల ఎవరికి పంపినా తిరిగొచ్చింది, రెండోది పంపకుండానే పడేసింది, ఇక చాలు, నీ మొహానికి రాతొకటా అనుకుని టేబులు మీద కుట్టుమిషను పెట్టేసింది. ఆ ఏడాదిలో ఆమె ఎంత మంచిగా ఉండాలని చూసిందో అంత చిరాకు మనిషైంది, ఉప్పు ఎక్కువైతే గిన్నెతో గొడవ, తలుపు చప్పుడైతే గాలితో గొడవ. రాయకపోవడం విశ్రాంతి అనుకుంది గానీ, అది పన్నునొప్పిలాంటిదని తెలియలేదు, లోపలెక్కడో సలుపుతూనే ఉంటుంది, నవ్వుతున్నా సలుపుతూనే ఉంటుంది. ముసలాయన మాట విన్న వారానికి కుట్టుమిషను కిందికి దిగింది.

ఊళ్ళో నా రాత తిన్నంతమంది ఇంకెవరి రాతా తినలేదు అని బేకరీలో తను వేసే జోకు. క్రీమ్ నింపిన గొట్టం పట్టుకుని కేకు మీద పేర్లు రాస్తుంది, ఊపిరి బిగబట్టి అక్షరం, వదిలి మళ్ళీ అక్షరం, తప్పు పడితే చెరపడం కుదరదు, గీకితే కేకు గాయపడుతుంది. ఒకసారి ఎవరి పేరులోనో దీర్ఘం మరిచిపోతే ఆ కొడుకు వచ్చి "దీర్ఘం లేకపోతే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ" అని బతిమాలాడు, ఆమె ఓ గులాబీ పువ్వు పక్కకు లాగి దాని తీగతో దీర్ఘం పెట్టింది. బేకరీ యజమాని అప్పట్నుంచీ "రచయిత్రిగారూ" అని పిలుస్తాడు, వెక్కిరింపో గౌరవమో ఆయనకే తెలియదు. రాసిన పేరు సాయంత్రానికి ఎవరి కడుపులోనో ఉంటుంది, మర్నాడు మళ్ళీ ఖాళీ కేకు. ఆ పనే ఆమెకు నేర్పింది, ఉత్సాహం వచ్చేదాకా ఆగితే ఒక్క కేకూ దుకాణం దాటదని. ఉత్సాహం చుట్టంలాంటిది, చెప్పకుండా వస్తుంది, చెప్పకుండా పోతుంది, దాని కోసం వీధి చివరిదాకా వెళ్ళి నిలబడ్డం దండగ. రోజూ ఇంట్లో ఉండేది కూర్చోవడమే. బేకరీకి వెళ్ళేముందు అరగంట, ఇల్లంతా కదలకముందు, వచ్చినా రాకపోయినా కూర్చోవాలి. ఒక్కోరోజు ఒక్క వాక్యం, ఒక్కోరోజు ముందురోజు వాక్యాన్ని కొట్టేయడం, అది కూడా పనే. అలా ఇటుక మీద ఇటుక పెట్టి లిఫ్టు దాకా వచ్చిన మనిషికి ఇప్పుడు కూర్చోవడానికే లేదు. బోర్లా పడుకుని ఎవరైనా రాశారా లోకంలో?

వంటింట్లో గిన్నె చప్పుడైంది, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు, ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా 'ఏం రాస్తున్నావమ్మాయ్' అని ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు. పొద్దున్నే ఆమె కూర్చునే గది తలుపు దగ్గరకు వచ్చి, చూసి, కాఫీ గ్లాసు గడప అవతలే పెట్టి వెళ్ళిపోతారు. ఆ వెళ్ళిపోవడంలో ఎంత చులకన ఉందో ఆమె ఎన్నిసార్లు తూకం వేసిందో లెక్కలేదు. అడిగితే చెప్పాలనుంది, అడగకపోతే ఉక్రోషంగా ఉంది, ఎవరూ అడగని పనిని ఎన్నాళ్ళని చేస్తారు? ఇదిగో, ఇలాంటప్పుడే మనిషి జారిపోతాడు. ఎవరో వద్దన్నందుకు కాదు, ఎవరూ ఏమీ అననందుకు.

మరీ ఇంత తేలిగ్గానా అనిపించింది ఉన్నట్టుండి. నాలుగింటికి 'నా వల్ల కాదు' అనబోతున్న నోరు ఇదే కదా, ఆ నోరు బాగానే ఉంది కదా, కట్టు కంటికే గానీ నోటికి కాదు కదా. తలగడ కిందనుంచి ఫోన్ తడిమి తీసింది. మాట్లాడితే అక్షరాలు పడతాయని బేకరీలో పిల్లలు చూపించారు, ఏ గుర్తు ఎక్కడుంటుందో వేలికి గుర్తే. చెయ్యి కిందికి వేలాడేసి, గొంతు సవరించుకుని, తువ్వాలులోకే చెప్పింది. అన్న తలుపు సందులో చెవి పెట్టాడు. తమ్ముడి గొంతు విన్నాడు. సొంత వాక్యం సొంత గొంతులో వినేసరికి ఒళ్ళు ఝల్లుమంది, సిగ్గేసింది, ఎన్నేళ్ళు రాసినా ఒక్క వాక్యాన్నీ ఎప్పుడూ పైకి పలకలేదని అప్పుడే తెలిసింది. మళ్ళీ చెప్పింది, ఇంకాస్త గట్టిగా. చెమట పట్టిన వేళ్ళలోంచి ఫోన్ జారి నేల మీద పడి, కనిపించే పలక దాటి ఎక్కడికో పోయింది. తల ఎత్తకూడదు, వంగి చూడకూడదు, అందదు. ఏడుపు రాబోయింది, ఏడిస్తే కంటికి మంచిది కాదు, దానికీ వీల్లేదు.

పాదాలొచ్చాయి. వేళ్ళు కాస్త వంకర తిరిగిన, మడమలు పగిలిన పాదాలు, అత్తగారివి. పక్కకు వెళ్ళి ఆగాయి. ఫోన్ తీసినట్టున్నారు.

"అమ్మాయ్," అంది గొంతు పైనుంచి, "తమ్ముడి గొంతు విరిచాడని ఉందేమిటే ఇందులో! ఎవడు వాడు?"

"విరిచాడా?"

"విరిచాడనే ఉంది. తలుపు సందులో చేవ పెట్టాడు, తమ్ముడి గొంతు విరిచాడు. రెండుసార్లు విరిచాడు. హత్యల కథ రాస్తున్నావా ఇన్నాళ్ళూ?"

ఆమెకు నవ్వొచ్చింది, బోర్లా పడుకుని నవ్వితే పొట్ట మంచానికేసి కొట్టుకుంటుంది, ఆ కుదుపుకు బుడగ ఏమవుతుందోనని భయమేసి నవ్వు బిగబట్టింది, బిగబడితే ఇంకా వచ్చింది. "విరవలేదు అత్తయ్యా, విన్నాడు. చెవి పెట్టి విన్నాడు. ఫోన్‌కే వినపడలేదు."

"మరి అలా చెప్పు. నాకు గుండె ఆగినంత పనైంది." పాదాలు అక్కడే ఉన్నాయి, వెళ్ళలేదు. "చూసినందుకు ఏమనుకోకు. కింద పడి వెలుగుతుంటే కంటబడింది."

"ఏమనుకుంటాను? మీరు ఎప్పుడైనా అడుగుతారేమోనని చూసి చూసి..." అని ఆపేసింది, అనుకున్నదానికంటే ఎక్కువే బయటికొచ్చేసింది.

స్టూలు జరిగిన చప్పుడైంది, అత్తగారు కూర్చున్నట్టున్నారు. "నువ్వక్కడ కూర్చుని నీలో నువ్వు మాట్లాడుకుంటుంటావు, పెదాలు కదుపుతూ. మాకు ఎక్స్ఛేంజిలో మొదటి రోజే చెప్పారు, లైను కలపండి, వినకండి అని. మాట్లాడుకునేవాళ్ళ మధ్య దూరితే ఉద్యోగం పోయేది. ఆ అలవాటు నాకు ఇంకా పోలేదమ్మాయ్. ఎవరితోనో ఉన్నావులే అనుకుని కాఫీ పెట్టి వచ్చేసేదాన్ని."

ఆమెకు గడప అవతల పెట్టిన గ్లాసులన్నీ, చల్లారిపోయినవీ, వేడిగా ఉన్నవీ, ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళు చులకన అనుకుని తూకం వేసినదంతా మర్యాదా? నేను ఎలాంటెలాంటి మనుషుల్నో రాస్తాననుకుంటున్నానే, పక్కగదిలో మనిషిని చదవలేకపోయానా అనుకుంది. అనుకుని అక్కడే కూర్చోలేదు, ఆ సంగతి తర్వాత తీరిగ్గా బాధపడొచ్చు, ముందు బాత్రూముకు వెళ్ళాలి, ఆ మాటే చెప్పింది.

లేవడం పెద్ద తతంగం. ముందు మోకాళ్ళ మీదకు రావాలి, తర్వాత పక్కకు తిరిగి కాళ్ళు దించాలి, అంతసేపూ గడ్డం ఛాతీకి ఆనించే ఉండాలి. అత్తగారు మోచెయ్యి పట్టుకున్నారు, ఇద్దరూ ఒకరి బరువు ఒకరి మీద వేసుకుని గది దాటారు. నేల తప్ప ఏమీ కనిపించదు, పలకలు వెనక్కి జరుగుతున్నాయి, తన పాదం, ఆవిడ పాదం, తన పాదం. బాత్రూము గుమ్మం దగ్గర పట్టు బిగిసింది. "కాలు జాగ్రత్త," అన్నారు అత్తగారు, "ఇక్కడ ఎత్తుంది." అంత వయసు మనిషి తన మోకాలు వంచి, కోడలి చీలమండ పట్టుకుని, ఎత్తు దాటించి అవతల ఆనించారు.

ఆమె గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు నేల మోకాలెత్తున ఉంటుంది. అందులోంచి దిగాల్సినవాడికి మోకాళ్ళు అరిగిపోయాయి, ఎందుకు అరిగాయో దించేవాడికి తెలుసు, ఏడంతస్తుల మీద ఒక్కో అడుగూ విని ఉంటాడు ఇన్నేళ్ళూ. అతను క్షమించమంటాడా, ఎలా ఉన్నావంటాడా? తలుపు తెరిచి, కింద సందు చూసి, ఆ మోకాళ్ళు చూసి... "అత్తయ్యా, తొందరగా. కాగితం తీసుకోండి. కాదు కాదు, ముందు బాత్రూము, తర్వాత కాగితం. కాదు, మరిచిపోతానేమో, మీరు గుర్తుపెట్టుకోండి."

"ఏం గుర్తుపెట్టుకోవాలి?"

"కాలు జాగ్రత్త."

"అదిగో, జాగ్రత్తగానే పట్టుకున్నాను కదే!"

మళ్ళీ మంచం, మళ్ళీ తువ్వాలు, మళ్ళీ అదే పలక, కానీ ఇప్పుడు ఆ పలక పక్కన స్టూలు కాళ్ళూ అత్తగారి పాదాలూ. కాగితం చప్పుడు, కలం మూత తీసిన చప్పుడు. ఆమె ముందు అన్నదమ్ముల గొడవ సంగతి క్లుప్తంగా చెప్పి, అధ్యాయం అందుకుంది. ఊపిరి బిగబట్టి ఒక వాక్యం, వదిలి మళ్ళీ వాక్యం. సగం బాగాలేవు, చెబుతుంటేనే బాగాలేవని తెలుస్తోంది, అయినా చెప్పింది. బాగాలేనిదాన్ని రేపు కొట్టేయవచ్చు, చెప్పనిదాన్ని కొట్టేయడానికి కూడా లేదు. అన్న కడ్డీ తెచ్చాడు. తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది. లోపల తమ్ముడు గోడకు ఆనుకుని ఉన్నాడు. అన్న అతని ముఖం చూడలేదు, మోకాళ్ళు చూశాడు. 'కాలు జాగ్రత్త, ఇక్కడ ఎత్తుంది' అన్నాడు. వంగి, తమ్ముడి చీలమండ పట్టుకున్నాడు.

కలం ఆగింది. "తర్వాత?"

"ఆ మాటకు తర్వాత ఏమీ లేదు. అన్న ఇంకేమీ అనడు."

"అదేమిటి! ఇన్నేళ్ళు మాట్లాడనివాడు ఒక్క 'జాగ్రత్త'తో సరిపెడతాడా? తల్లి పోతే వేళకు కబురు చెప్పనివాడు! తమ్ముడి చేత నాలుగు తిట్టించు ముందు. నేనైతే ఊరుకోను."

బేకరీ యజమాని అని ఉంటే సర్దుకునేది, భర్త అని ఉంటే మౌనంగా ఉండేది, ప్రచురణకర్త అని ఉంటే రాత్రంతా మథనపడి మార్చేసేదేమో. "వద్దు అత్తయ్యా," అంది నేలకేసి చూస్తూనే, గొంతు మాత్రం స్థిరంగా, "తిట్టడు. అలాగే ఉంచండి. ఒక్క అక్షరం కూడా మారదు." తన నోటి నుంచి వచ్చిన ఆ 'మారదు' ఆమెకే కొత్తగా వినిపించింది.

కలం కదిలింది. "సరే, నీ ఇష్టం. కథ నీది." కాస్త ఆగి, "చెప్పడం మరిచాను, నాలుగైంది. ఎవరికో ఫోన్ చేయాలని ఇందాకట్నుంచీ గొణుగుతున్నావు."

ఆవిడే నంబరు కలిపి ఫోన్ కోడలి చెవికి ఆనించారు, కలిపాక అలవాటు చొప్పున ముఖం పక్కకు తిప్పుకున్నట్టున్నారు, పాదాలు కూడా అటు తిరిగాయి. అవతల ప్రచురణకర్త హలో అంది. ఆమె కంటి సంగతి చెప్పింది, అవతలి మనిషి అయ్యో అంటుండగానే అడ్డుపడి, "వారం చివరికి అధ్యాయం వస్తుందండీ. చెబుతున్నాను, మా అత్తయ్య రాస్తున్నారు. చేతిరాత ఎలా ఉంటుందో నేను చూడలేదు, మీరే సర్దుకోవాలి" అంది.

"లక్షణంగా ఉంటుంది," అన్నారు అత్తగారు అటు తిరిగే, కాస్త గట్టిగానే.

ఫోన్ పెట్టేశాక గదిలో ఎండ పలక సగానికి వచ్చింది. మెడ మళ్ళీ పట్టేసింది, నుదుటి మీద తువ్వాలు గీతలు మండుతున్నాయి, తమ్ముడు ఇంకా లిఫ్టులోనే ఒక కాలితో ఉన్నాడు, అతన్ని దించాలి, ఇంటికి చేర్చాలి, దానికి ఎన్ని వాక్యాలు పడతాయో, అందులో ఎన్ని చెడ్డవో.

"రాసుకోండి అత్తయ్యా," అంది ఆమె. "తమ్ముడు రెండో కాలు తనే దించుకున్నాడు."